ఉప్పుటేటి ఒడ్డున పదెకరాల మడ: మూడేళ్ల పని, ఖర్చు, ఎదురైనవి

డబ్బు సాయం చేస్తామని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఒక్కో మొక్కకు ఎంతవుతుంది?" అని. నెల్లూరు జిల్లాలో పెన్నా నది సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన, బకింగ్‌హాం కాలవకూ సముద్రానికీ మధ్య ఉన్న ఒక ఉప్పుటేటి ఒడ్డున పదెకరాల్లో మడ (ఉప్పునీటిలో పెరిగే మాంగ్రోవ్ చెట్లు) పెంచే పని 2022 డిసెంబర్‌లో మొదలైంది. 2025 నవంబర్‌కు ఒక దరికి వచ్చింది. మొత్తం ఖర్చు నాలుగు లక్షల డెబ్బై వేలు. అందులో విత్తనానికీ నర్సరీకీ నాటు కూలికీ కలిపి పోయింది ఎనభై వేలు, అంటే ఆరో వంతు. మిగిలినదంతా నీటికి దారి తియ్యడానికి, తీసిన దారి పూడకుండా చూడటానికి, గొడ్లూ మేకలూ పడకుండా కాపలాకు. మొక్క లెక్కన ధర చెప్పి డబ్బు వసూలు చేస్తే ఈ ఆరో వంతుకే డబ్బొస్తుంది. మిగతా అయిదు వంతుల పనీ ఆగిపోతుంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పని జరిగిన వరస మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

డిసెంబర్‌లో ఆ పర్ర (ఏటి పక్క ఉప్పు బయలు) మీద నడిచినప్పుడు కనిపించినవి: తెల్లగా పొంగిన ఉప్పు, అక్కడక్కడా ఇలకూర (ఉప్పు నేలలో పెరిగే చిన్న మొక్క), ఏటి పక్కన చీకిపోయిన మడ మొద్దులు. మొద్దులున్నాయంటే ఒకప్పుడు చెట్లున్నాయని. ఏటి మొగ దగ్గర ఇప్పటికీ సన్నటి మడ చార ఉంది. దాని విత్తనం ఏటా నీళ్ల మీద తేలి వస్తూనే ఉంది. మరి పర్ర మీద ఒక్క మొలకా ఎందుకు లేదు? నాటే ముందు తేలాల్సింది ఇదే. ఇక్కడ కారణం చూస్తే దొరికింది. ఎప్పుడో వదిలేసిన రొయ్యల గుంట గట్టు ఒకటి, దాని మీదుగా వేసిన బండిబాట ఒకటి సముద్రపు పోటు నీటిని అడ్డుకుంటున్నాయి. వానకు నిలిచిన నీళ్లు ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటోంది. ఆ గట్టు అలాగే ఉండగా పదివేల మొక్కలు నాటినా మొద్దులకు తోడు పుల్లలు మిగులుతాయి.

2023 జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాగితాల పని. అడంగల్‌లో ఆ సర్వే నంబరు పోరంబోకు అని ఉన్నా, కొంత భాగానికి పాత ఉప్పు కయ్యల పేరు తగులుకుని ఉంది. సర్వేయరు వచ్చి హద్దు రాళ్లు చూపేసరికి ఏప్రిల్ అయింది. అర్జీ పెట్టినప్పటి నుంచి మూడు నెలలు. ఆలోపు చెయ్యాల్సినవి రెండున్నాయి. ఒకటి పంచాయతీ తీర్మానం, రెండోది అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి స్థలం పటంతో సహా దరఖాస్తు. తీరంలో, పైగా మడ ఉన్న ఏటి పక్కన మిషన్ దించాలంటే అటవీ శాఖ పర్యవేక్షణ లేకుండా కుదరదు. కుదిరినా చెయ్యకూడదు. విత్తనం ఏరడానికీ వాళ్ల అనుమతే కావాలి కాబట్టి రెండూ ఒకే కాగితంలో అడగడం మేలు.

తీర్మానం దగ్గర రెండు భయాలు బయటపడ్డాయి. రెండూ న్యాయమైనవే. పట్టపు పాలెం (జాలర్ల ఊరు) పెద్దకాపులు, అంటే ఊరి పెద్దలు, అన్నది ఇది: "చెట్లు పెట్టుకోండి, వద్దనం. రేపు బోర్డు పాతి ఈడ పడవ ఆపకూడదు, వల ఆరెయ్యకూడదంటే మాత్రం ఊరుకోం." అందుకని పడవలు ఒరిగే రేవు, వలలు ఆరేసే దిబ్బ, ఏట్లో పడవ తిరిగే మేర కొలిచి తీర్మానంలోనే రాయించాల్సి వచ్చింది. రెండో భయం రొయ్యల రైతులది. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం మడ విస్తీర్ణం వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ యాభై మీటర్లు బఫర్ కింద లెక్క. చెట్లు పెరిగాక ఆ యాభై మీటర్లు తమ గుంటల మీద పడితే ఏమిటి గతి అన్నారు. గుంటల గట్ల నుంచి అరవై మీటర్లు ఖాళీ వదిలి హద్దు గీసేదాకా సంతకాలు పడలేదు. ఈ రెండు మాటలూ ముందే తేల్చుకోకపోతే మొక్కలు పీకేసే చేతులు ఊళ్లోనే పుడతాయి.

ఏప్రిల్ నుంచి జూలై దాకా ఎత్తులు కొలిచాం. ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఓపిక మాత్రం కావాలి. మన తీరంలో నీరెక్కే పోటుకూ నీరు తీసే పాటుకూ తేడా పున్నమి, అమావాస్యల్లో కూడా మీటరుకు అటూ ఇటూ. కాకినాడ వైపు ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. తేడా తక్కువైనప్పుడు మడ బతికే పట్టీ కూడా సన్నగా ఉంటుంది. మొగ దగ్గర సహజంగా ఉన్న మడలో అన్నిటికంటే కింద ఉన్న చెట్టుకూ పైన ఉన్న చెట్టుకూ నేల ఎత్తులో తేడా ఒక అడుగు. అంతే. జానెడు పైకి పోతే ఉప్పుకు ఎండుతుంది, జానెడు కిందికి పోతే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. గోదావరి జిల్లాల్లో పనికొచ్చిన కొలతలు ఇక్కడ యథాతథంగా వాడకూడదనడానికి కారణం ఇదే.

కొలిచే పద్ధతి చెబుతాం. అయిదడుగుల సరుగుడు కర్రలు పర్ర మీద వరసగా పాతాలి. ప్రతి కర్రకూ నాలుగేసి అంగుళాల ఎడంతో, కోసిన నీళ్ల సీసాల అడుగు ముక్కలు నోరు పైకి ఉండేలా కట్టాలి. పెద్ద పోటు దిగాక ఏ సీసా దాకా నీళ్లు నిండాయో చూస్తే ఆ రోజు నీరెక్కిన ఎత్తు తెలుస్తుంది. కర్రల మధ్య నేల మట్టం తేడాకు తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు సరిపోతుంది. వాన పడితే సీసాలన్నీ నిండి కొలత పాడవుతుంది కాబట్టి ఇది ఎండాకాలం పని. ఉప్పు కొలవడానికి రొయ్యల రైతుల దగ్గర ఉండే రిఫ్రాక్టోమీటర్ చాలు. పైన నిలిచిన నీళ్లను కాదు, అడుగు లోతు గుంత తీసి అందులో ఊరిన నీళ్లను కొలవాలి. వేరు తాగేది ఆ నీరే. ఏటి పక్కన 34 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 34 పాళ్ల ఉప్పు), పర్ర మధ్యలో 58, గట్టు కింద 80 దాటింది. సముద్రం నీరే 35. తెల్ల మడ అనే రకం ఎంత మొండిదైనా లేత మొలక 60 పైన నిలవడం కష్టం.

ఏడాది పొడవునా చూడకపోతే ఇంకో విషయం తప్పిపోతుంది. మొగ. ఎండాకాలంలో ఏరు వట్టిపోయి, అలలు ఇసుక తోసి మొగను పూడ్చేస్తాయి. పోటు లోపలికి రాదు. పాలెంలో ఒక పెద్దాయన ఆ ఏప్రిల్‌లోనే అడిగాడు, "మొగ మూసుకున్నాక మీ మొక్కలు ఏం తాగతాయి అబ్బయా?" అని. దానికి జవాబు మరుసటి వేసవిలో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆగస్టు 2023లో కాలవలు. వేసవికి నేల గట్టిపడి ఉంటుంది, వానలు ఇంకా రావు. ఇంతకంటే మంచి అదును లేదు. జేసీబీ టైర్లు పర్రలో దిగబడతాయి. చైన్ మిషన్ తెప్పించాల్సిందే. గంటకు రూ.1,800 బాడుగ, ట్రాలీ మీద రానూ పోనూ రూ.18,000. సుమారు డెబ్బై గంటలు పట్టింది, అంటే రూ.1,26,000. డ్రైవరు గుంటలు తవ్వడంలో చెయ్యి తిరిగినవాడైతే కాలవను కూడా గుంటలాగే నిటారుగా, లోతుగా తవ్వేస్తాడు. పక్కన మనిషి కొలకర్రతో నిలబడే ఉండాలి.

తవ్వింది చేపముల్లు పద్ధతిలో. పిచ్చవరంలో పాడైన మడను తిరిగి లేపడానికి ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, తమిళనాడు అటవీ శాఖ వాడిన పద్ధతి ఇది. తర్వాత గోదావరి, కృష్ణా మడల్లోనూ వాడారు. మధ్యలో ఏటి నుంచి ఒక పెద్ద కాలవ. ఇక్కడ దాని పొడవు నాలుగు వందల మీటర్లు, పైవెడల్పు మూడు మీటర్లు, అడుగు వెడల్పు ఒకటి, లోతు ఒకటి. దాని రెండు పక్కలా ఇరవై మీటర్లకొకటి చొప్పున ఏటవాలుగా, నలభై అయిదు డిగ్రీల కోణంలో పిల్ల కాలవలు. వాటి పైవెడల్పు మీటరున్నర, అడుగు అర మీటరు, లోతు రెండడుగులు. కోణం ఎందుకంటే పాటు తీసేటప్పుడు నీరు ఉరవడిగా పెద్ద కాలవలోకి జారిపోవాలి. లంబంగా కలిపితే కలిసే చోట మేట వేస్తుంది. కాలవ అడుగు ఏటి వైపు కొద్దిగా వాలి ఉండాలి, పాటుకు చివరిదాకా ఖాళీ అవ్వాలి. మడుగులు మిగిలితే ఎండకు అక్కడ నీరు ఉడికి ఉప్పు పెరుగుతుంది.

తవ్విన మట్టి సంగతి చాలామంది పట్టించుకోరు. కాలవ పొడుగునా రెండు పక్కలా గట్టులా పోస్తే, తీసేసిన రొయ్యల గుంట గట్టును మళ్లీ మనమే కట్టినట్టు. పెద్ద పోటు కాలవ దాటి పర్ర మీద పరుచుకోవాలంటే మట్టిని పల్చగా చల్లాలి. అక్కడక్కడా కుప్పలు పోసినా మధ్యలో అయిదారు మీటర్ల ఖాళీలు వదలాలి. ఎత్తుగా మిగిలిన ప్రతి కుప్ప మీదా మరుసటి ఏటికల్లా సర్కారు తుమ్మ లేస్తుంది. పాత గట్టును మూడు చోట్ల తెగ్గొట్టి, బండిబాట కింద సిమెంటు తూములు వేశారు. తూము అడుగు కాలవ అడుగు కంటే పైన పెడితే దండగ.

సెప్టెంబర్ పున్నమి పోటుకు నీరు మొదటిసారి పర్ర చివరిదాకా ఎక్కింది. అప్పటికి ఒక్క మొక్కా లేదు. అయినా రెండు వారాల్లో కాలవల్లో కత్తిపరిగ పిల్ల తిరగడం మొదలైంది. అక్టోబర్ రెండో వారానికి పర్ర మధ్యలో ఊట నీరు 58 నుంచి 41కి దిగింది.

ఇక్కడ తేదీల గురించి ఒక మాట. కంపెనీల నుంచి సాయం వస్తే జూన్ 5 పర్యావరణ దినం నాడో, జూలై 26 మడ అడవుల దినం నాడో నాటాలంటారు. ఫొటోలకు బ్యానరు సిద్ధంగా ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఆ రెండూ నాటే రోజులు కావు. జూన్‌లో పడమటి గాలి, నలభై డిగ్రీల ఎండ, నేలలో ఉప్పు పతాక స్థాయిలో ఉంటుంది. మనకు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలవి. ఉప్పు విరిగేదీ, తెల్ల మడ కాయ పండేదీ అప్పుడే. బ్యానరు పట్టుకోవాల్సిందే అంటే జూన్‌లో కాలవ తవ్వే చోట పట్టుకోవచ్చు. ఇంకొందరు బీచ్‌లో మడ నాటించమంటారు. అల కొట్టే ఇసుక మీద మడ బతకదు. అది సరుగుడుకు తగిన చోటు. ఇసుక దిబ్బను దిబ్బగానే వదిలేస్తే తాబేళ్లు గుడ్లు పెట్టుకుంటాయి. పులికాట్ లాంటి చోట్ల కొంగలు, రాజహంసలు మేసే బురద మేటల్లో కూడా నాటకూడదు. మడ ఎన్నడూ లేని చోట మడ పెట్టడం మేలు చెయ్యడం కాదు.

విత్తనం అక్టోబర్ మూడో వారంలో. తెల్ల మడ మొగ దగ్గరి చెట్ల నుంచే దొరికింది. ఏరింది యానాది కుటుంబాల వాళ్లు. పీతల కోసం ఆ బురదలో ఏళ్లుగా తిరిగినవాళ్లు కాబట్టి ఏ చెట్టు కాయ ముందు పండుతుందో చెప్పగలరు. కాయ బాదం పప్పంత ఉంటుంది. పచ్చగా గట్టిగా ఉన్నది వద్దు. లేత పసుపు తిరిగి, వేలితో తాకితే రాలేది కావాలి. సన్న బెజ్జం కనిపిస్తే లోపల పురుగున్నట్టే, పారెయ్యాలి. పదివేల గింజలు ముప్పై కిలోలు తూగుతాయి. వాటిని ఏటి నీళ్లలో మంచినీళ్లు కలిపి టబ్బులో నానబెడితే ఒకటి రెండు రోజుల్లో పై పొర దానంతటదే ఊడుతుంది. మూడో రోజుకూ ఊడనివి పండనివి. గోరుతో ఒలిచి నాటినా లాభం లేదు. పొర ఊడిన గింజను రెండు మూడు రోజులకు మించి ఉంచకూడదు. ఆలోగా తడి గోనెలో, నీడన ఉంచాలి. గుట్టగా పోస్తే వేడెక్కి కమిలిపోతాయి.

ఇంకో రకం మడ, ఉప్పు పొన్న ఇక్కడ దొరకలేదు. అటవీ శాఖ అనుమతితో కృష్ణా వైపు నుంచి తెప్పించినవి ఆరు వందలు. అది గింజ కాదు, చెట్టు మీదే మొలకెత్తి వేలాడే పొడుగాటి కాడ. కాడకూ కాయకూ మధ్య పసుపు పట్టీ తేలితే పండినట్టు. రాత్రిపూట వ్యానులో, తడి గోనెల్లో, అడ్డంగా పరిచి తీసుకురావాలి. కొన విరిగితే ఆ కాడ పనికిరాదు. వచ్చిన వెంటనే నాటకుండా పది రోజులు నీడన ఉంచారు. తాజా కాడ అంటే పీతలకు ఇష్టం, మొదట్లో కొరికేస్తాయి. పైతోలు కొంచెం వాడితే అంత జోలికి రావు. విత్తనం కూలి, రవాణా అన్నీ కలిపి రూ.22,000.

నాటే రోజును పంచాంగం చూసి పెట్టుకోవాలి. అక్టోబర్ 28, 2023 పౌర్ణమి, చంద్రగ్రహణం పట్టిన రోజు. ఆ పెద్ద పోట్లు తగ్గాక నవంబర్ 2 నుంచి నాట్లు మొదలయ్యాయి. మళ్లీ దీపావళి అమావాస్య పోటు వచ్చేలోపు గింజకు వారం రోజుల నెమ్మది దొరుకుతుంది. ఆ వారంలో వేరు బురదను పట్టుకుంటుంది. పౌర్ణమి ముందు రోజు నాటితే రెండో పూటకే గింజలు ఏట్లో తేలుతూ కనిపిస్తాయి.

గింజలో నూగు ఉన్న కొన వేరు వైపు. దాన్ని కిందికి పెట్టి, మూడో వంతు మాత్రమే బురదలోకి నొక్కాలి. మొత్తం పూడిస్తే కుళ్లుతుంది. కాలవ అడుగున కాదు, గట్టు పైన కాదు, వాలులో సగం ఎత్తున నాటాలి. మీటరున్నరకు ఒక చోటు, చోటుకు రెండు మూడు గింజలు. ఇలా వాలుల వెంబడి మూడున్నర వేల చోట్లు వచ్చాయి. పొన్న కాడలు పెద్ద కాలవలో ఏటికి దగ్గరగా, తెల్ల మడ కంటే కాస్త కిందగా, మూడు అంగుళాల లోతున. బురదలో నడవడమే సగం పని కాబట్టి ఇద్దరు మనుషులు రోజుకు నూట ఇరవై నుంచి నూట యాభై చోట్ల కంటే ఎక్కువ నాటలేరు. చెప్పులు పనికిరావు, గుల్లలు కోస్తాయి. పాత సాక్సులకు గుడ్డ చుట్టుకుంటే కాలు దిగబడినా ఊడదు. కూలి రూ.30,000 దాకా అయింది. వాలుల్లో నాటగా మిగిలిన గింజలను పర్ర పల్లాల్లో చల్లారు. వెయ్యి నల్ల సంచుల్లో ఏటి బురదే నింపి, పోటు తగిలే చోట నర్సరీ పెట్టారు. మరుసటి ఏడు ఇంకో వెయ్యి. సంచికి రూ.14 పడింది. సంచులు ఇచ్చేటప్పుడు ఎన్ని, వెనక్కి వచ్చేటప్పుడు ఎన్ని అని లెక్క రాయాలి. లేకపోతే సముద్రాన్ని బాగుచేసే పనిలో మనమే దాని నోట్లో ప్లాస్టిక్ కుక్కినట్టు.

నాట్లు మొదలై నెల తిరిగేసరికి మిచౌంగ్ తుఫాను. డిసెంబర్ 3 నుంచి వాన, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మొలకలకు అప్పటికి రెండు జతల ఆకులు. పై నుంచి వచ్చిన వరద ఏటిని ముంచి, గుర్రపుడెక్కనూ ఎర్రమట్టినీ పర్ర మీద పరిచింది. నీళ్లు తగ్గడానికి వారం పైనే పట్టింది. ఆ వారం చెయ్యగలిగింది ఏమీ లేదు. పొలం మునిగిన రైతుకు ఉండే బెంగే. నీరు తీశాక మొదటి పని డెక్క లాగెయ్యడం. ఎండితే అది చాపలా బిగుసుకుని మొలకలను పడుకోబెడుతుంది. ఆకుల మీద పట్టిన ఒండ్రును చేత్తో కడగనక్కర్లేదు, రెండు పోట్లకు అదే పోతుంది. కాండం సగానికి మించి ఒండ్రులో కూరుకున్న మొలకలను మాత్రం వేళ్లతో తోడి బయటపెట్టాలి. జనవరి 2024లో లెక్క పెడితే వాలుల్లో నూటికి అరవై పైన నిలిచాయి. పల్లాల్లో చల్లిన గింజ దాదాపు అంతా పోయింది, ఒండ్రు కింద. పొన్న మాత్రం చెక్కుచెదరలేదు. వరద మొగను వెడల్పు చేసిపోవడంతో ఆ శీతాకాలం పోట్లు బాగా ఎక్కాయి. కొత్త ఒండ్రు మీద ఎక్కడి నుంచో తేలివచ్చిన మడ గింజలు కూడా వాటంతటవే మొలిచాయి. నాటిన వాటికంటే అవే ముందు ఎదిగాయి. నీటికి దారి ఉంటే విత్తనం కొంత అదే తెచ్చుకుంటుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఫిబ్రవరిలో పచ్చ నాచు మొలకలను చుట్టి వంచేస్తుంది. వారానికోసారి కాపలా మనిషి వేళ్లతో తీసేస్తే చాలు. పొన్న కాడల అడుగున, పడవ అడుగుకు పట్టేలాంటి గట్టి గుల్లలు కొన్నిటికి పట్టాయి. వాటిని గీకితే తోలు ఊడి మొక్క చస్తుంది. గుల్ల దట్టంగా పట్టిందంటే అక్కడ మొక్క ఎక్కువసేపు మునుగుతోందని అర్థం. వచ్చే అదనుకు అర అడుగు పైన నాటుకోవాలి. ఆకు తినే పురుగు కూడా వస్తుంది. టేకు ఆకును తినే పురుగే ఇదీ. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మందు కొట్టకూడదు. కింద నీళ్లలో రొయ్య పిల్ల ఉంటుంది. నెలలో చిగురు మళ్లీ వేస్తుంది.

ఏప్రిల్ 2024లో మొగ పూడింది. మే మొదటి వారానికి కాలవల్లో మిగిలిన నీరు 63 పీపీటీ. మొగ తెరవడంలో పాలెం వాళ్ల అనుభవం ముందు ఏ పుస్తకమూ చాలదు. వానల్లో లోపలి నీరు సముద్రం కంటే ఎత్తున ఉంటుంది కాబట్టి పాటు వేళ సన్నగా గండి కొడితే నీరే కోసుకుంటూ పోతుంది. వేసవిలో అలా కాదు, లోపలే తక్కువ. అమావాస్య పోటు ఎక్కే ముందు తవ్వి ఉంచి, సముద్రాన్ని లోపలికి రానివ్వాలి. అది రెండు వారాలు నిలిస్తే గొప్ప, అల మళ్లీ పూడుస్తుంది. ఆ వేసవిలో రెండు అమావాస్యలకు ఊరివాళ్లు పలుగూ పారలతో దిగారు, చేపకూ మొక్కకూ కలిసివస్తుందని. కూలి తీసుకోలేదు. భోజనాలూ టీలూ మాత్రం పెట్టుకోవాల్సి వచ్చింది. దాతలకు పంపే లెక్కల్లో దీనికి ఏ పద్దు కిందా చోటుండదు.

అదే వేసవిలో గొడ్ల బాధ. చుట్టుపక్కల ఎక్కడా పచ్చగడ్డి లేనప్పుడు తెల్ల మడ ఆకు బర్రెకు విందు. మేక మొవ్వు తుంచితే మొక్క గుబురుగా వస్తుంది, బర్రె లాగితే వేరుతో సహా వస్తుంది. పాత వలలతో కంచె కట్టమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. వరదకు కొట్టుకుపోయి ఏట్లో చిక్కుకుంటే పీతలూ పాములూ అందులో చస్తాయి, తాబేళ్లకూ ముప్పే. పనిచేసింది దురాయి, అంటే ఊరి కట్టుబాటు. పెద్దకాపులు కూర్చుని ఆ పదెకరాల్లో గొడ్లు తోలకూడదని దురాయి పెట్టారు. తప్పితే జరిమానా ఊరి గుడికి. దానితోపాటు గట్టు అవతల గొడ్లకు బాట వదిలారు. బాట చూపకుండా ఆంక్ష ఒక్కటే పెడితే నిలవదు. అయినా కాపలా మనిషి కావాలి. నెలకు రూ.7,000 చొప్పున నవంబర్ 2023 నుంచి నవంబర్ 2025 దాకా ఇరవై అయిదు నెలలకు రూ.1,75,000. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇదే. ఎవరూ స్పాన్సర్ చెయ్యడానికి ఇష్టపడని ఖర్చు కూడా ఇదే.

2024 ఆగస్టులో కాలవల పూడిక తీత, రూ.35,000. అప్పటికి కాలవలు తవ్విన ఏడాదే అయింది, పిల్ల కాలవలు మూడో వంతు పూడాయి. మిషన్ మళ్లీ దించితే మొక్కలు నలుగుతాయి కాబట్టి మనుషులతోనే. తీసిన బురదను మొక్కల మొదళ్లలో వెయ్యబోతారు, పొలం అలవాటు. ఆపాలి. గాలి వేర్లు మూసుకుపోతే చెట్టుకు ఊపిరుండదు. రొయ్యల గుంటల పట్టుబడి తర్వాత వదిలే బురదతోనూ ఇదే చిక్కు. రెండు గుంటల రైతులతో మాట్లాడి మురుగు తూమును కిందికి మళ్లించుకున్నాక ఆ మూల మొక్కలు తేరుకున్నాయి.

అక్టోబర్ 17, 2024 పౌర్ణమి దాటాక నర్సరీ మొక్కలతో ఖాళీలు నింపారు. ఏడాది పెరిగిన మొక్క, అడుగున్నర ఎత్తు. నర్సరీలో చివరి నెల రోజులు ఏటి ఉప్పునీరే తగలనివ్వాలి. మంచినీళ్లతో పోషించిన మొక్క పర్రలో పెట్టిన వారానికే ఆకు రాల్చేస్తుంది. సంచి చింపి తీసి నాటాలి. అలాగే పెడితే తర్వాత పీకి చూసినప్పుడు వేర్లు సంచిలోనే చుట్టుకుని ఉంటాయి.

2025 వేసవిలో మొగ మళ్లీ పూడింది గానీ అప్పటికి వేరు లోతుకు దిగింది, పెద్దగా పోలేదు. ఆగస్టులో మళ్లీ పూడిక తీత, మళ్లీ రూ.35,000. అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానలకు ఏరు పొంగినా, నీరు తీశాక ఒరిగిన మొక్కలు కొన్నే. లెక్కింపు మాత్రం నవంబర్‌కు జరిగింది. లెక్కించేటప్పుడు బాగున్న చోటు చూసి లెక్క పెడితే అది లెక్క కాదు. పిల్ల కాలవల్లో ప్రతి నాలుగో దానిలో తాడు పట్టుకుని చివరిదాకా లెక్కించాలి, ఎండినదీ రాయాలి. వాలుల్లో నూటికి డెబ్బై అయిదు చోట్ల బతికిన మొక్క ఉంది, తెల్ల మడ నడుము ఎత్తు దాటింది. పాత గట్టు పక్కన, 80 పీపీటీ ఉండిన మూల దాదాపు ఒకటిన్నర ఎకరంలో ఏమీ లేదు. అక్కడ ఇప్పుడు ఊట నీరు 55కు దిగింది, ఇలకూర పట్టింది. ఇంకో రెండేళ్లు మొక్క పెట్టే ఉద్దేశం లేదు. ఇలకూర ఒండ్రును ఆపి నేలను తయారుచెయ్యనివ్వాలి. కాలవల్లో మండపీత, పండుగప్ప పిల్ల, పాలబొంత కనిపిస్తున్నాయి. యానాది కుటుంబాలు పీతలకు వస్తున్నాయి. కన్నంలోకి చువ్వ పెట్టేటప్పుడు గాలి వేర్లు తెగకుండా చూస్తామన్నారు, చూస్తున్నారు.

ఇక సాయం చెయ్యదలచినవాళ్లకు అడగాల్సిన ప్రశ్నలు. నాటబోయే చోట ఇంతకుముందు మడ ఉండేదా? ఉంటే ఎందుకు పోయింది? నీటికి దారి ఎవరు తీస్తారు? మూడో ఏడాది కాపలాకు డబ్బెక్కడిది? ఎండిన మొక్కల లెక్క చూపిస్తారా? వీటికి జవాబు లేకుండా మొక్కకు ఇంత అని చెప్పేవాళ్లకు ఇవ్వకండి. ఇచ్చేది ఎకరాకు, అయిదేళ్లకు విడదీసి ఇవ్వండి. ఇక్కడి లెక్కన మూడేళ్లకు ఎకరాకు నలభై ఏడు వేలు పడింది. నాలుగో ఏడాది నుంచి కాపలా సగం రోజులకు తగ్గుతుంది. పూడిక తీత మాత్రం 2026 ఆగస్టులో మళ్లీ ఉంది. ఆ ముప్పై అయిదు వేలు ఇంకా సమకూరలేదు.